ప్లాటు కొనే ముందు నాలుగడుగులు నడిచి చూడాలి

పొలం అమ్మి హైదరాబాదులో ప్లాటు కొన్నామని చెప్పుకోవడం నల్గొండ జిల్లా పల్లెల్లో ఇప్పుడు పరువు కింద చెల్లుతున్నది. కొడుకు చదువుకని కొనేవారున్నారు, బిడ్డ పెళ్ళికి అక్కరకు వస్తుందని కొనేవారున్నారు, పక్కింటివారు కొన్నారు గనుక కొనేవారూ లేకపోలేదు. ఎకరమో అరెకరమో అమ్మిన సొమ్ము నగరం దారి పట్టడం ఏటా జరుగుతున్నదే.

అయితే అలా కొన్న స్థలంలో ఇల్లు కట్టి దీపం పెట్టినవారు ఎందరని అడిగితే జవాబు చెప్పేవారు తక్కువ. విజయవాడ రహదారి మీద పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు దాటినది మొదలు చౌటుప్పల్ వరకు రెండు పక్కలా హద్దురాళ్ళు, రంగు జెండాలు, ఇనుప కమానులు కనిపిస్తాయి. కమాను లోపలికి వెళితే తుమ్మచెట్లు మొలిచిన రోడ్లు. ఇళ్ళు ఎక్కడో ఒకటి, అర. వాటిలో కాపురం ఉన్నవారు పాల ప్యాకెట్టుకు కూడా మోటారు సైకిలు తీయవలసిందే.

మునుగోడు వైపు ఒక పల్లెకు చెందిన రైతు దంపతుల సంగతి ఇలాంటిదే. కొన్నేళ్ళ కిందట ఎకరం అమ్మి ఔటర్ అవతల 200 గజాలు కొన్నారు. కొడుకు కొలువు చేసేది దిల్‌సుఖ్‌నగర్‌లో. ప్లాటులో ఇల్లు కట్టుకుంటే రోజూ పోయి రావడానికే పొద్దు సరిపోతుందని అతడు కొత్తపేటలో అద్దెకు ఉంటున్నాడు. తల్లి మోకాళ్ళ వైద్యానికి వచ్చి ఆ అద్దె ఇంట్లోనే రెండు నెలలు ఉన్నది. ఒకనాడు కొడుకు తీసుకుపోయి ప్లాటు చూపిస్తే ఆమె అన్న మాట ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. "మాటాడనీకి మనిషి లేడు, ఉప్పు కొననీకి దుకాణం లేదు. ఈడ ఎట్లుంటం బిడ్డా?"

కొనేముందు ఆమెను ఎవరూ అక్కడికి తీసుకుపోలేదు. చాలా ఇళ్ళలో జరిగేది ఇదే. పొలం అమ్మేటప్పుడు సంతకానికి, లేదా వేలిముద్రకు ఆడవారు కావాలి. ప్లాటు చూడడానికి మాత్రం మగవారే కారెక్కుతారు.

గుంటకు 121 గజాలు

ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవాలి. రైతుకు తెలిసిన కొలత గుంట. నగరంలో మాట్లాడేది గజం. గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు, అంటే 4,840 గజాలు. 200 గజాల ప్లాటు అంటే గుంటన్నర కంటే కాస్త ఎక్కువ. ఎకరం ఇచ్చి గుంటన్నర తెచ్చుకుంటున్నామన్న సంగతి గజాల లెక్కలో కనిపించదు. "200" అన్న అంకె పెద్దదిగా వినిపిస్తుంది గనుక మనసు ఒప్పుకుంటుంది. ఎకరం ఇచ్చి గుంటన్నర తెచ్చుకోవడం తప్పని కాదు. ఆ గుంటన్నర కాపురానికి పనికివచ్చేదై ఉండాలి, అంతే.

అమ్మేవారు జనాన్ని తీసుకుపోయేది ఆదివారం నాడు, చల్లని కారులో. మధ్యలో భోజనం కూడా ఉంటుంది. ఆదివారం రోడ్డు మీద రద్దీ ఉండదు గనుక "నగరానికి అరగంటే" అన్న మాట ఆ రోజుకు నిజమే. సోమవారం ఉదయం 9 గంటలకు అదే దారిలో ఎల్.బి.నగర్ చౌరస్తా చేరుకోవడానికి ఎంతసేపు పడుతుందో రోజూ వచ్చిపోయే బస్సు డ్రైవర్లను అడిగితే తెలుస్తుంది.

కాబట్టి స్థలం చూడదలచినవారు అమ్మేవారి కారు ఎక్కకుండా ఆర్టీసీ బస్సులో వెళ్ళడం మేలు. పని దినం నాడు వెళ్ళాలి. దిగిన చోటి నుంచి ప్లాటు దాకా, లేదా ఇంటి దాకా, నడవాలి. సామాన్యంగా మనిషి 20 నిమిషాల్లో కిలోమీటరున్నర నడుస్తాడు. ఆ నడకలో బడి, కిరాణా కొట్టు, కూరగాయల అంగడి, మందుల షాపు, బస్సు ఆగే చోటు వస్తున్నాయా అన్నది చూసుకోవాలి. దీపాలు పెట్టే వేళకు ఇంకొకసారి నడవాలి. ఈసారి ఇంటావిడను కూడా వెంట తీసుకుపోతే ఇంకా మంచిది. ఏ సందులో భయం వేస్తుందో, ఎక్కడ వెలుతురు లేదో ఆమెకు తెలిసినంతగా మగవారికి తెలియదు.

నడవదగిన పేట అంటే ఫుట్‌పాత్ ఉన్న పేట అనుకోరాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్‌పాత్ మీద అంగళ్ళు ఉంటాయి, జనం రోడ్డు మీద నడుస్తారు. ఆ వెనుక సందుల్లోకి పోతే ఫుట్‌పాత్ ఉండదు గాని ముసలివారు, పిల్లలు నిబ్బరంగా నడుస్తుంటారు. అసలైన ఇబ్బంది పెద్ద రోడ్డు దాటడం దగ్గర వస్తుంది. ఇల్లు విజయవాడ రహదారికి ఒక పక్కన, బడి మరో పక్కన ఉంటే దూరం 300 గజాలే అయినా పిల్లవాణ్ణి ఒంటరిగా పంపే తల్లి ఉండదు. పటం మీద పక్కపక్కనే ఉన్నవి కాలినడకకు చాలా దూరమవుతాయి. బడి, అంగడి, ఇల్లు రహదారికి ఒకే పక్కన ఉన్నాయా అని చూసుకున్నవారు చాలా తక్కువ. ఆ ఒక్కటి చూసుకుంటే సగం కష్టం తీరుతుంది.

2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు. బస్సు ఎక్కేచోటు దాకా పోవడానికే ఆటోకు డబ్బు ఇచ్చుకోవలసి వస్తే ఆ ఉచితం వల్ల ఇంటికి మిగిలేదేమిటి?

పెరిగే పేట ఏది?

"పెరిగే ఏరియా పటేలా. ఐదేండ్లు ఓపిక పట్టుండ్రి, రూపాయి మూడు రూపాయలైతది" అన్నది ప్లాట్లు అమ్మేవారి నోట ఎప్పుడూ ఉండే మాట. దీనిని ఉత్త అబద్ధమని కొట్టివేయడానికి వీలులేదు. ఒకప్పుడు వనస్థలిపురం కూడా ఊరవతలి చోటే. అక్కడ ఇల్లు తీసుకున్నవారిని చూసి నవ్వినవారున్నారు. నవ్విన వారి పిల్లలే ఇప్పుడు అక్కడ అద్దె ఇళ్ళు వెదుకుతున్నారు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ సంగతీ అంతే.

అయితే ఆ కాలనీలకు, నేటి జెండాల ప్లాట్లకు ఒక తేడా ఉన్నది. అక్కడ ఇళ్ళు కట్టి ఇచ్చారు. జనం ఒక్కసారిగా దిగారు. జనం ఉన్నారు గనుక బస్సు వచ్చింది, బడి వచ్చింది, అంగడి వచ్చింది. ప్లాట్లు మాత్రమే ఉన్న చోట కొన్న ప్రతివాడూ పక్కవాడు ముందు కట్టాలని కాచుకుని కూర్చుంటాడు. పక్కవాడూ అదే పని చేస్తాడు. ఇల్లు లేని చోటికి బస్సు రాదు, బస్సు లేని చోట ఇల్లు లేవదు. ఐదేళ్ళు పదేళ్ళవుతాయి.

వస్తుందన్న దానిని చూసి కొనడం వేరు, వచ్చినదాని అంచున కొనడం వేరు. అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్‌కు మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న మొదలయింది. చైతన్యపురిలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో స్టేషనుకు నడిచిపోగల పాత సందుల్లోని ఇల్లు ఆనాటి నుంచే ఆ సౌకర్యం అనుభవిస్తున్నది. ఎల్.బి.నగర్ నుంచి హయత్‌నగర్ వరకు పొడిగింపు మాత్రం 2024లో రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి పంపిన రెండో దశ ప్రతిపాదనల్లోది. ప్రతిపాదనకు, పట్టాలకు మధ్య ఎన్ని ఏళ్ళయినా పట్టవచ్చు. అమ్మేవారి కాగితం మీద మాత్రం అప్పుడే రైలు బొమ్మ వేసి ఉంటుంది.

ఉన్నది కూడా తరలిపోవచ్చునన్న సంగతి ఈ జిల్లా బత్తాయి రైతులకు చెప్పనక్కరలేదు. ఏళ్ళ తరబడి వారు కాయ దించిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021 తర్వాత ఔటర్ అవతల బాటసింగారానికి మారింది. పాత చోట పెద్ద ఆసుపత్రి కట్టడానికి 2022లో పునాది వేశారు. మార్కెట్టు పోయినా కొత్తపేట సందుల్లో కాపురాలు కదలలేదు. ఒక్క మార్కెట్టును నమ్ముకుని ఉన్న పేట కాదు గనుక అది నిలబడింది. ఇదే మార్కెట్టును చూపించి బాటసింగారం చుట్టుపక్కల ప్లాట్లు అమ్ముతున్నారు. లారీలు వచ్చే చోటు వ్యాపారానికి మంచిదే. ముసలివారు సాయంత్రం నడవడానికి ఎంత మంచిదో కొనేవారు ఆలోచించుకోవాలి.

నీటి విషయం మరీ చిత్రంగా ఉన్నది. పి.ఎ.పల్లి మండలం అక్కంపల్లి జలాశయం నుంచి 2004 మొదలు కృష్ణా నీళ్ళు నగరానికి పోతున్నాయి. ఫ్లోరైడు నీళ్ళు తాగి వంగిపోయిన పల్లెల పక్క నుంచే ఆ పెద్ద గొట్టాలు వెళ్ళి వనస్థలిపురం పక్కనున్న సాహెబ్‌నగర్ చేరుకుంటాయి. ఆ నీళ్ళ వెంట నగరానికి పోయి ప్లాటు కొన్నవాడికి అక్కడ ట్యాంకరు నీళ్ళే గతి అయితే అంతకంటె ఎగతాళి లేదు. పేట పెరుగుతున్నదా లేదా అన్నదానికి మొదటి గుర్తు ఇంటి ముందు మంచినీటి నల్లా. ఇస్త్రీ బండి, పొద్దున్నే పాల డబ్బాలు, మిద్దెల మీద ఆరవేసిన బట్టలు ఆ తర్వాతి గుర్తులు. ఇవి ఉన్న చోటు నుంచి నాలుగు సందులు అవతల, ధర ఇంకా అందుబాటులో ఉన్న చోట వెదకడం తెలివైన పని.

శిఖం భూమి తెలియనివారా?

పల్లెల్లో శిఖం భూమిలో ఇల్లు కట్టేవాడు ఉండడు. చెరువు నిండితే నీరు ఎంతవరకు వస్తుందో పిల్లవాడు కూడా చూపించగలడు. అలాంటి రైతు నగరానికి పోయేసరికి, ఎండాకాలంలో ఎండిపోయిన చెరువును చూపించి "చదునుగా ఉన్నది" అంటే నమ్మి కొంటున్నాడు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన కుంభవృష్టికి సరూర్‌నగర్, మీర్‌పేట చెరువుల కింది కాలనీలు నీళ్ళపాలయ్యాయి. వాటిలో పల్లెల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు తక్కువేమీ కావు. చెరువుల ఆక్రమణల తొలగింపునకు 2024 జులైలో ప్రభుత్వం హైడ్రాను ఏర్పాటు చేసిన తర్వాత అలాంటి చోట్ల ఇళ్ళు కొన్నవారికి నిద్ర పట్టడం లేదు. కొనబోయే చోట చుట్టూ తిరిగి పల్లం ఎటు ఉన్నదో, వాన నీరు ఎటు పోతుందో చూడడం రైతుకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు.

కాగితాల సంగతి లాయరు చూస్తాడు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటు గాని, 8 ఫ్లాట్లకు మించిన భవనం గాని నమోదు కాకుండా అమ్మడానికి వీలులేదు. నమోదు సంఖ్య అడిగితే మాట దాటవేసేవాడి దగ్గర నుంచి లేచి రావడమే మంచిది. 2020 ఆగస్టులో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపినప్పుడు బిడ్డల పెళ్ళిళ్ళకు అమ్ముకుందామని కూర్చున్నవారు ఎంత అవస్థ పడ్డారో జిల్లాలో అందరికీ తెలిసిందే.

అదే మునుగోడు వైపు మరో రైతు ఎకరం అమ్మిన సొమ్ముకు కొడుకు బ్యాంకు అప్పు కలిపి చైతన్యపురి సందులో పాత ఫ్లాటు తీసుకున్నాడు. రెండు గదులు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. భూమిలో అతని పేర పడిన వాటా 28 గజాలు, అంటే పావు గుంట కూడా లేదు. ఊరంతా నవ్వింది. "ఎకరం పెట్టి గాలిల కొన్నవా?" అని అన్నదమ్ములే ఎత్తిపొడిచారు. ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు. ఎకరం భూమి తరతరాలకు ఉంటుంది, పాతబడిన కట్టడానికి ఆయుస్సు ఉంటుంది. పైగా మెట్లెక్కడం ముసలితనంలో శిక్షే.

కాని ఆ ఇంటి నుంచి కూతురు కాలేజీకి నడిచి పోతున్నది. కోడలు మెట్రో ఎక్కి కొలువుకు పోతున్నది. అత్త పొద్దున్నే మెట్లు దిగి తానే కూరగాయలు తెచ్చుకుంటుంది, కొత్తిమీర కట్ట దగ్గర బేరం ఆడుతుంది. రైతు సాయంత్రం పార్కుకు పోతాడు. అక్కడ బల్ల మీద కూర్చునేవారిలో దేవరకొండవారు ఇద్దరు, నకిరేకల్‌వారు ఒకరు ఉన్నారట. వానల గురించి, పత్తి ధర గురించి మాట్లాడుకుంటారు. కొడుకు ఇంటికి వచ్చేవరకు తాళం వేసిన గదిలో టీవీ ముందు కూర్చునే ముసలివారు నగరంలో వేల మంది. ఈయన వారిలో ఒకడు కాలేదు.

స్తోమత లేనివారి మాటేమిటన్న ప్రశ్న వస్తుంది. మెట్రో పక్కన ఇల్లు అందరికీ అందేది కాదు, నిజమే. అలాంటప్పుడు తొందరపడి దూరాన కొనకుండా సొమ్ము బ్యాంకులో వేసుకుని, నడవదగిన చోట అద్దెకు ఉండి, కొన్నాళ్ళు వెదకడం మంచిది. పొలం అమ్మకుండా ఉంచుకుని కౌలుకు ఇచ్చి, ఆ కౌలును అద్దెకు కలుపుకోవడం ఇంకో దారి. అద్దెకు ఉండడం నామోషీ అనుకునేవారు, అద్దె ఇంట్లోనే ఉంటూ ఎక్కడో ఖాళీ ప్లాటుకు యజమానులమని చెప్పుకుంటున్నారు.

మొదట చెప్పిన దంపతులు ఆ 200 గజాలను అమ్మకానికి పెట్టారు. చూడడానికి వచ్చినవారు ముందుగా అడుగుతున్నది బస్సు ఎక్కడ ఆగుతుందనే. ఈలోగా వనస్థలిపురంలో, రైతు బజారుకు నడిచిపోగల సందుల్లో, కింది అంతస్తు ఇల్లు వెదుకుతున్నారు. ఈసారి బస్సులో పోతున్నారు. ఆమె కూడా వెంట వెళుతున్నది, మోకాలు నొప్పి పుట్టిన చోట ఆగి, ఎంత దూరం వచ్చామో చూసుకుంటున్నది.