బక్కచిక్కిన పిల్లికూనలు ఇంటికి వచ్చినప్పుడు

గడ్డివాములోనో, అటక మీదనో, పాత ఎడ్లబండి క్రిందనో పిల్లికూనలు అరుస్తూ కనబడడం పల్లెలో వింత కాదు. పిల్లలు వాటిని చొక్కాలో పెట్టుకొని ఇంటికి తెస్తారు. అమ్మ వెంటనే ఒక మూకుడులో పాలు పోసి ముందు పెడుతుంది. ఆ జాలి మంచిదే. అయితే పసికూనకు తొలి గంటలో ఆకలికంటె చలి పెద్ద శత్రువు. తరువాతి శత్రువు మనం పోసిన ఆ పాలే.

పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని పెద్దలంటారు. చోటు మార్చేటప్పుడు ఒక్కొక్క కూననే నోట కరచుకొని తీసుకుపోతుంది. కాబట్టి ఒంటరిగా కనబడినంత మాత్రాన కూన అనాథ కాదు. ఒళ్లు వెచ్చగా, పొట్ట నిండుగా ఉంటే దూరంనుండి కొన్ని గంటలు కనిపెట్టి చూడండి. ఒళ్లు చల్లబడి, ఎముకలు తేలి, చీమలు పట్టి ఉంటే మాత్రం ఆలస్యం చేయరాదు.

మా ఇంటికి వచ్చిన మూడు కూనలు అలాంటివే. కళ్లు అప్పుడే తెరిచాయి, అంటే సుమారు రెండు వారాల వయస్సు. పుట్టినప్పుడు కూన దాదాపు 100 గ్రాములుంటుంది. తరువాత రోజుకు 10 నుండి 15 గ్రాములు పెరగాలి. ఆ లెక్కన ఇవి 200 గ్రాములు దాటి ఉండవలసినవి. వంటింటి కాటా మీద పెడితే ఒకటి 180, ఒకటి 165, మూడవది 110.

వెంటనే పాలు పట్టలేదు. చల్లబడిన కూన పాలను అరిగించుకోలేదు. చెప్పుల అట్టపెట్టెలో పాత చీర పరచి, సీసాలో వేడినీళ్లు పోసి తువాలు చుట్టి ఒక ప్రక్కన పెట్టాము. వేడి ఎక్కువైతే జరిగిపోవడానికి రెండవ ప్రక్క ఖాళీగా ఉంచాము. నోటిలో వేలు పెడితే వెచ్చగా తగిలిన తరువాతే పాలు.

ఏ పాలు? పిల్లి పాలలో మాంసకృత్తులు ఆవుపాలలోకంటె రెండింతలకు పైగా ఉంటాయి. ఆవుపాలు, గేదెపాలు కూనలకు తరచు విరేచనాలు తెస్తాయి. 110 గ్రాముల ప్రాణికి ఒక పూట విరేచనాలే చాలు. పట్నంలో పెంపుడు జంతువుల దుకాణాలలో పిల్లికూనల పాలపొడి దొరుకుతుంది, అది తెప్పించండి. పసిబిడ్డకు పట్టినట్లు వెల్లకిలా వేసి పట్టకండి, పాలు ఊపిరితిత్తులలోకి పోతాయి. తల్లి దగ్గర పడుకున్నట్లే బోర్లా ఉంచి, సూది తీసిన సిరంజితో చుక్కచుక్కగా పట్టాలి. ఈ వయస్సులో మూడు గంటలకొకసారి, రాత్రి కూడా. (ఎవరు లేవాలన్న వాదన మా ఇంట్లోనూ జరిగింది.) పాలు పట్టాక గోరువెచ్చని తడిగుడ్డతో వెనుకభాగం మెల్లగా తుడిస్తేనే మలమూత్రాలు వస్తాయి. తల్లి నాకి చేసే పని అది.

ప్రతి ఉదయం ఒకే వేళకు తూచి నోటు పుస్తకంలో వ్రాసే పని మా చిన్న పాపది. కంటికి బాగున్నట్లు కనబడిన కూన కూడా కాటా మీద తగ్గుతూ ఉండవచ్చు. పెద్దవి రెండూ రోజుకు పది పన్నెండు గ్రాములు ఎక్కాయి. మూడవదాని వరుస ఇది: 110, 113, 112, 106. నాలుగవ రోజున పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లాము. డాక్టరుగారు చేయగలిగినది చేశారు. ఆ రాత్రి అది చనిపోయింది.

"తల్లి వచ్చి తీసుకుపోయిందని చెప్పండి, పసిపిల్ల కదా" అని బంధువొకరు సలహా ఇచ్చారు. మేము ఒప్పుకోలేదు. నాలుగు రోజులు అంకెలు వ్రాసిన పిల్లకు 106 అంటే ఏమిటో తెలుసు. జామచెట్టు క్రింద ఎక్కడ పాతిపెట్టాలో తనే చూపించింది. చాలాసేపు ఏడ్చింది. తెల్లవారాక మిగిలిన రెండింటినీ తూచింది.

ఎదిగిన పిల్లి బక్కచిక్కి వస్తే పద్ధతి వేరు. చాలా రోజులు పస్తులున్నదానికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టడం ప్రమాదం. కొద్దికొద్దిగా, రోజుకు ఐదారుసార్లు పెట్టండి. రెండు మూడు రోజులు అసలేమీ ముట్టకపోతే కాలేయం దెబ్బతినవచ్చు, వైద్యుని దగ్గరకే తీసుకుపోవాలి. తింటున్నా ఒళ్లు చేయక పొట్ట మాత్రం ఉబ్బితే నులిపురుగులేమోనని చూపించండి. మందు మోతాదు బరువునుబట్టి ఉంటుంది. జ్వరమని పారాసిటమాల్ బిళ్ల ముక్క కూడా వేయకండి. అది పిల్లులకు విషం.

పిల్లి గీరినా, కరిచినా గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా సంగతి అడగాలి. సున్నం, కారం పెట్టి ఊరుకోవద్దు.

మా రెండు కూనలు ఎనిమిది వారాలకు 800 గ్రాములు దాటాయి. ఉంచుకుందామని పాప పట్టుబట్టింది. ఉంచుకుంటే రేపు మరొకటి వచ్చినప్పుడు కాదనవలసి వస్తుందని చెప్పాము. ఆ మాట దానికి నచ్చలేదు, మాకూ అంత సులువుగా రాలేదు. తీసుకుంటామని నలుగురైదుగురు వచ్చారు, ధాన్యం గాదెలున్న ఇండ్లవారే ఎక్కువ. పాలు పోస్తారా అని మేము అడగలేదు. ఎలుకల మందు పెడతారా అని అడిగాము. మందు తిన్న ఎలుకను తింటే పిల్లి కూడా చావవచ్చు. పెడతామన్నవారికి ఇవ్వలేదు.