కాలువ గట్టుకు గీత మనమే గీయాల



మా కోలారు, చిక్కబళ్ళాపురం వైపు వెయ్యి అడుగులు దాటి బోరు దించినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు. వాన నీళ్ళు చెరువు చేరితేనే చుట్టుపక్కల బోర్లు నిలుస్తాయి. అవి చెరువు చేరాలంటే రాజకాలువ, దాంట్లో కలిసే పిల్లకాలువలు తెరిచి ఉండాల. రోడ్డు పక్కన లేఔట్ వేసేవాళ్ళకు మాత్రం ఆ కాలువ అడ్డు. మొదట మట్టి తోస్తారు, తర్వాత సైట్లు గీస్తారు.

ఆ కాలువ నుంచి ఎంత దూరం దాకా ఏమీ కట్టకూడదో మీ ఊరి కాగితాల్లో ఎక్కడ రాసి ఉందో ఒకసారి అడిగి చూడండి. బెంగళూరుకు అది రాసి ఉంది. అక్కడి 2015 మాస్టర్ ప్లాన్‌లో కాలువ నడుమ నుంచి కొలిచి పెద్ద కాలువకు 50 మీటర్లు, రెండో తరహాకు 25, చిన్నదానికి 15 మీటర్లు వదలాలన్నారు. 2016లో హరిత ట్రిబ్యునల్ ఈ దూరాలను మార్చింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మార్పును కొట్టేసింది, ప్లాన్‌లో ఉన్న దూరాలే నిలిచాయి. దీంట్లో మనకు ఒక పాఠం ఉంది. ప్లాన్‌లో రాసుకున్నదే చివరికి మిగిలేది. రాసుకోని ఊరికి కోర్టుకు పోయినా పట్టు దొరకదు.

మన పనికి ఇది ఎంత ముఖ్యమో చెప్పాలంటే పురుగు దగ్గరికే రావాల. మొత్తం ఆకులో నూటికి 80 పైన నాలుగో జ్వరం లేచాకే తింటుంది. ఆ వారంలో ఆకు చెడితే గుడ్ల డబ్బు, కూలి, నెల కష్టం అన్నీ చెత్తకుప్పలోకే. తట్టలు, షెడ్డు కడిగే నీళ్ళు మురికివైతే బ్లీచింగ్ బలమంతా ఆ మురికికే ఖర్చైపోతుంది, రోగం షెడ్డులోనే ఉండిపోతుంది. గట్టు మీద గడ్డి, కానుగ చెట్లు ఉంటే పై పొలాల మట్టి, ఎరువు చాలావరకు అక్కడే ఆగుతాయి. సిమెంటు గోడ దేన్నీ ఆపదు.

2018 నుంచి కె.సి. వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్ళు కోలారు చెరువులకు వస్తున్నాయి. అవీ కాలువల మీదుగానే చెరువు నుంచి చెరువుకు పోయేది. ఆ నీళ్ళను ఇంకా బాగా శుద్ధి చేయాలన్న పోరాటం అలాగే సాగాల. అయితే దారిలో కొత్త మురుగు కలవకుండా చూసుకోవడం మన ఊరి చేతిలోనే ఉంది.

దీనికి ఎదురు మాట ఉంది, అది న్యాయమైనదే. కాలువ పక్కన 60 మీటర్ల పొడవు ఉన్న రైతు 15 మీటర్లు వదిలితే 900 చదరపు మీటర్లు, అంటే దగ్గర దగ్గర 9 గుంటలు. ఎకరా రైతుకు అది నాలుగో వంతు. "పిల్ల పెళ్ళికి అమ్ముకుందామంటే ఎవరు కొంటారు?" అని అడిగితే ఏం చెప్పాల? అందుకే మేము అడిగేది భూమి లాక్కునే నియమం కాదు. పహణి రైతు పేరుమీదే ఉండాల. మల్బరీ, పశువుల మేత, చెట్లు పెట్టుకోవచ్చు. ఇల్లు, షెడ్డు, లేఔట్, చెత్త, మురుగు పైపు మాత్రం కూడదు. చిన్న రైతుకు ఒక నియమం, లేఔట్ వేసేవాళ్ళకు ఇంకొకటి అంటే మేమే మొదట ఎదురు నిలుస్తాం.

ఆ నియమం మన మీదా నడవాల. వీ-1 తోటకు ఏడాదికి హెక్టారుకు 350 కిలోల నత్రజని సిఫారసు ఉంది. గట్టు పట్టీలో రసాయన ఎరువు వేయకూడదు. పాలరోగం వచ్చిన పురుగుల్ని కాలువలో పారేస్తే కింది ఊరికి రోగం పంపినట్టే. రీలింగ్ బేసిన్ నీళ్ళు కూడా అంతే.

హోసూరు మిత్రులకు ఇది కొత్తగా చెప్పనక్కర లేదు. నంది కొండల వైపు పుట్టే దక్షిణ పినాకిని బెంగళూరు మురుగుతో కలిసి కెలవరపల్లి డ్యాముకు చేరేసరికి ఎన్నోసార్లు నురుగై తేలింది. చిత్రావతి కూడా ఇక్కడ పుట్టి బాగేపల్లి మీదుగా ఆంధ్రకు పోతుంది. మన పైన ఎవరో ఉన్నట్టే మన కిందా ఎవరో ఉన్నారు.

ఇప్పుడు చేయాల్సింది మూడు పనులు. ఒకటి, ఊరి నక్ష తీయించి కాలువలు ఎక్కడెక్కడ ఉన్నాయో, బి ఖరాబు ఎంతో గుర్తు పెట్టించండి. రెండు, గట్టు దూరం ఇంత అని గ్రామసభలో తీర్మానం రాయించండి. కట్టడానికి అనుమతి ఇచ్చేది పంచాయతీ కదా, పీడీఓ ముందు ఆ కాగితం ఉండాల. మూడు, మీ ఊరు ప్లానింగ్ పరిధిలోకి వచ్చి ముసాయిదా ప్రకటిస్తే, గడువు లోపల ఆ తీర్మానాన్నే సూచనగా ఇవ్వండి.

లేఔట్ రాళ్ళు పాతాక గీత గీయడం కష్టం. రాళ్ళు పాతకముందే గీద్దాం.