రెండేళ్లకే దిగిపోవాలా? ముందు లెక్క చూసుకుందాం

'అన్నా, రెండేళ్లు అయిపోయాయి. డిప్లొమా సర్టిఫికెట్ తీసుకుని ఉద్యోగంలో చేరిపోనా?' మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి అడిగాడు. వాడిది బీఎస్సీ. కంప్యూటర్స్ మేజర్, స్టాటిస్టిక్స్ మైనర్. ఓ గోడౌన్‌లో నెలకు 14 వేల జీతంతో ఉద్యోగం రెడీగా ఉంది. ఇంట్లో అప్పు కూడా ఉంది. 'చదువు మానొద్దురా' అని ఫోన్ పెట్టేయడం సులువే. కానీ వాళ్లింటి వాయిదాలు కట్టేది నేను కాదు కదా! అందుకే ఇద్దరం కూర్చుని లెక్క వేశాం.

ముందు రూల్స్ సంగతి. జాతీయ విద్యావిధానం-2020 వచ్చాక, డిగ్రీ కోర్సులకు యూజీసీ 2022 డిసెంబరులో కొత్త క్రెడిట్ విధానం ప్రకటించింది. దాని ప్రకారం ఏడాదికి 40 క్రెడిట్లతో సర్టిఫికెట్, రెండేళ్లకు 80 క్రెడిట్లతో డిప్లొమా, మూడేళ్లకు 120తో డిగ్రీ, నాలుగేళ్లకు 160తో ఆనర్స్. రెండేళ్లకు ఆగాలంటే వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు కూడా పూర్తిచేయాలి. ఆగినవాళ్లు మూడేళ్లలోపు తిరిగి చేరొచ్చు, మొత్తం ఏడేళ్లలో డిగ్రీ ముగించాలి.

వినడానికి బాగానే ఉంది. అమెరికా కమ్యూనిటీ కాలేజీల్లో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఇలాంటిదే. అయితే అక్కడ ఆ డిగ్రీ పేరు ఉద్యోగ ప్రకటనల్లోనే కనిపిస్తుంది, పైచదువుకు వెళ్లే దారీ ఎప్పట్నుంచో ఉంది. మన దగ్గర ఈ మెట్టు కొత్తది. కాబట్టి దాని మీద నిలబడే ముందు గట్టిగా ఉందో లేదో చూసుకోవాలి.

గ్రూప్-1, గ్రూప్-2, బ్యాంకు పీఓ, ఎస్‌ఎస్‌సీ సీజీఎల్... వీటన్నిటికీ డిగ్రీ కావాలి. ఇంటర్ అర్హత పోస్టులకు మీరు రెండేళ్ల కిందటే అర్హులు. అంటే ఈ డిప్లొమాతో ఈ పరీక్షల్లో కొత్తగా తెరుచుకునే తలుపు లేదు. ఇంకో పొరపాటు కూడా జరుగుతోంది. పేరు ఒకటే అయినా ఇది పాలిటెక్నిక్ డిప్లొమా కాదు. జూనియర్ ఇంజినీర్ పోస్టులకు అడిగేది ఇంజినీరింగ్ డిప్లొమా. దాని బదులు ఇది చెల్లదు.

ప్రైవేటులో? అక్కడ కాగితం కన్నా 'నీకేం వచ్చు?' అన్నదే ప్రశ్న. మొదటి రెండేళ్లలో మేజర్, మైనర్, భాషలు, స్కిల్ కోర్సులు అన్నీ కొంచెం కొంచెం వస్తాయి. మేజర్ సబ్జెక్టులో లోతు దొరికేది మూడో ఏడాదిలోనే. నాలుగు సబ్జెక్టులు తాకడం మంచిదే. కానీ ఒక్కదాంట్లోనైనా పని చేసి చూపించగలగాలి.

ఇక డబ్బు. ఇది మా ఇద్దరి ఊహాలెక్క, మీ అంకెలు మీరు వేసుకోండి. మూడో ఏడాదికి ఫీజు, హాస్టల్ కలిపి 40 వేలు. వదులుకునే జీతం 14 వేల చొప్పున 12 నెలలకు 1,68,000. అసలు ఖర్చు 2,08,000 అన్నమాట. చాలామంది ఫీజు ఒక్కటే చూస్తారు, జీతం మర్చిపోతారు. డిగ్రీ తర్వాత నెలకు 4 వేలు ఎక్కువ వస్తే ఈ ఖర్చు తిరిగి రావడానికి 52 నెలలు పడుతుంది. అదే 6 వేలు ఎక్కువైతే దాదాపు 35 నెలలు. తేడా వెయ్యి, రెండు వేలే అయితే జీతం కోసం మాత్రమే డిగ్రీ అనడం కష్టం. అప్పుడు పోటీ పరీక్షల అర్హత, పీజీ అవకాశం మీకు ఎంత అవసరమో తేల్చుకోవాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతా. రెండేళ్ల డిప్లొమా కష్టకాలంలో పట్టుకునే తాడు. గమ్యం అనుకోవద్దు. ఇల్లు గడవక ఆగాల్సి వస్తే అందులో చిన్నతనం ఏమీ లేదు, కానీ తిరిగొచ్చే దారి చూసుకుని ఆగండి. బోర్ కొట్టిందనో, ఫ్రెండ్స్ చేరారనో మాత్రం దిగిపోకండి.

టీసీకి దరఖాస్తు పెట్టేముందు కాలేజీలో నాలుగు విషయాలు అడగండి. మన యూనివర్సిటీలో రెండేళ్ల ఎగ్జిట్ నిజంగా అమల్లో ఉందా? నా క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో చేరాయా? తిరిగొస్తే సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటాయా? ఉద్యోగం చేస్తూ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో, ఇగ్నోలోనో మిగతాది పూర్తిచేసే వీలుందా? జవాబులు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా తీసుకోండి.

మా తమ్ముడు ఇంకా తేల్చుకోలేదు. గోడౌన్ వాళ్లను రాత్రి షిఫ్టు అడిగి చూస్తానన్నాడు. ఆ ప్రశ్న మొదటిరోజు వాడికి తట్టలేదు. లెక్క కాగితం మీద పెట్టాకే తట్టింది.