డబ్బు మనది, తాళంచెవి వాళ్ళది

బ్రిటిషు వాయుసేనలో హైదరాబాదు పేరు పెట్టుకున్న దళాలుండేవంటే మా కరీంనగర్‌లో చాలామంది నవ్వుతారు. కానీ నిజం. 1918లో 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఏ బాంబర్లను కానుకగా ఇచ్చింది నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆ సంగతి విమానాల మీద రాయించారు కూడా. 1940లో ఇంగ్లండు ఆకాశంలో జర్మన్లతో తలపడిన స్పిట్‌ఫైర్ దళాల్లో 152వది ఒకటి. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా! కరీంనగర్, ఆదిలాబాదు రైతులు కట్టిన శిస్తూ ఆ ఖజానాలోకే పోయింది. విమానం మీద మాత్రం రైతు పేరు లేదు.

ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివాను. చదివిన పుస్తకాన్ని ఆదిలాబాదులో ఉన్న మా ఆడపడుచుకు పంపించాను. ఎందుకిచ్చావని నన్నెవరూ నిలదీయలేదు. అదే పాట కొన్నాననుకోండి, నా ఫోనులోంచి ఆవిడ ఫోనులోకి పోదు. తాళం! కొన్నది నేను, తాళంచెవి కంపెనీ దగ్గర. ఇదెక్కడి బేరమండీ? నిజాం కాలపు రైతుకూ నాకూ తేడా ఏమిటి?

ఫ్లిప్‌కార్ట్ వారు 2012లో ‘ఫ్లైట్’ అని పాటల దుకాణం తెరిచారు (విమానం కాదండోయ్). తాళం లేని ఎంపీ3 పాటలు అమ్మారు. 2013లోనే దుకాణం కట్టేశారు. అయితేనేం, అప్పుడు కొని దాచుకున్న పాట ఇవాళ కూడా మోగుతుంది. ఎయిర్‌టెల్ వారు ‘వింక్’ యాప్ మూసేస్తున్నామని 2024లో ప్రకటించారు. అందులో దింపుకున్న పాటలు ఆ యాప్‌లో తప్ప వినబడవు. యాప్ పోయాక ఇంకెక్కడ వినాలి? నెలనెలా కట్టింది అద్దె అంటారా, సరే. మరి ‘డౌన్‌లోడ్’ అని ఆశ పెట్టడమెందుకు?

ఈ జబ్బు పుస్తకాలకూ అంటుకుంది. 2009లో అమెజాన్ వారు కొన్నవాళ్ళ కిండిళ్ళలోంచి ఆర్వెల్ నవల ప్రతుల్ని లాగేసుకుని డబ్బు వాపసిచ్చారు. ఆ నవల ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ కావడం విధి వేసిన వేళాకోళం.

తాళం తీస్తే గాయకుల నోట మట్టి కొట్టినట్టేనని కొందరి వాదన. పాడినవాడికి డబ్బు ముట్టాలి, అందులో రెండో మాట లేదు. మా బజారులో రొక్కం పుచ్చుకుని మెమొరీ కార్డులో వందల పాటలు ఎక్కించిన మొబైల్ షాపులవాళ్ళను నేను వెనకేసుకు రాను. కానీ వాళ్ళని ఏ తాళం ఆపింది? ఆగిపోయింది నిజాయితీగా కొన్నవాడే. ఐట్యూన్స్ వారు 2009లో పాటల తాళాలు తీసేశారు, దివాలా ఎత్తలేదు.

మన కాపీరైటు చట్టం కూడా సొంతానికి వాడుకునేవాణ్ణి దొంగతో కలిపి కట్టెయ్యలేదు. 2012 సవరణ ప్రకారం హక్కుల్ని కాజేసే ఉద్దేశంతో తాళం పగలగొడితేనే రెండేళ్ళ దాకా జైలు. అంటే చట్టం ఇచ్చిన వెసులుబాటును కంపెనీ తాళం లాక్కుంటోంది!

కొన్ని యాప్‌లు 30 రోజులకోసారి నెట్‌కు తగిలించకపోతే దింపుకున్న పాటల్నీ మూగవి చేస్తాయి. ఆదిలాబాదు ఏజెన్సీలో సిగ్నలు కోసం గుట్టెక్కేవాళ్ళకు ఈ షరతు వినిపించి చూడండి. అమ్మితే తాళం తీసి అమ్మండి. అద్దెకిస్తే అద్దె అని పెద్దక్షరాలతో రాయండి.