వంటింట్లో ఇంజనీరు

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో మాకు వర్క్‌షాప్ అని ఒక ల్యాబ్ ఉండేది. కార్పెంట్రీ, ఫిట్టింగ్, రేకుపని, హౌస్ వైరింగ్, ఇలా అన్నీ తలా కాస్త. కార్పెంట్రీలో రెండు కర్రముక్కల్ని కోసి ఒకదాన్లో ఒకటి ఇమిడేలా లాప్ జాయింట్ చెయ్యాలి. నేను కోసిన ముక్కల మధ్య చూపుడు వేలు దూరేది. చివరికి ల్యాబ్ అటెండరు జాలిపడి చేసిచ్చిన ముక్క మీద నా రోల్ నంబరు రాసి సబ్మిట్ చేశాను. మార్కులు బాగానే వచ్చాయి. ఆ మెమో మా బీరువాలో ఇప్పటికీ భద్రంగా ఉంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అలాంటి నేను 2024లో మా కొత్త ఫ్లాట్‌కి వంటగది మొత్తం నా చేతుల్తో నేనే బిగించేద్దామని డిసైడైపోయాను.

ఫ్లాటు నిజాంపేటలో. పేరు నాది, పత్రాలు బ్యాంకు దగ్గర, అందరికీ తెలిసిన కథే. వంటగది ఎనిమిదడుగులు ఇంటూ తొమ్మిదడుగులు. బిల్డరు గోడలకి టైల్సు వేసి, కుళాయికి పాయింటొకటి, ప్లగ్గులకి నాలుగు పాయింట్లు వదిలేసి "మీ టేస్టుకి తగ్గట్టు చేయించుకోండి సార్" అని తాళాలు చేతికిచ్చాడు. టేస్టు సంగతి దేవుడెరుగు, అప్పటికి చేతిలో ఉన్నది రెండు లక్షలు.

మాడ్యులర్ కిచెన్ వాళ్ళని పిలిస్తే ఒకబ్బాయి లాప్‌టాప్ తెచ్చి నా వంటగదిని త్రీడీలో తిప్పి చూపించాడు. బొమ్మలో కిటికీ అవతల సముద్రం కూడా ఉంది. మాకు కిటికీ తీస్తే పక్క అపార్ట్‌మెంటు వాళ్ళు ఆరేసుకున్న బట్టలు కనబడతాయి. కొటేషన్ 3,40,000. కార్పెంటర్‌తో చేయిస్తే సామానుతో సహా రెండు లక్షల లోపు తేలుతుందన్నారు. ఇక మూడో దారి, డబ్బాలు విడి పలకలుగా కొనుక్కొచ్చి మనమే బిగించుకోవడం. 2018 ఆగస్టులో హైటెక్ సిటీలో ఐకియా తెరిచేదాకా మన ఊళ్ళో ఈ మూడో దారి ఉందనే చాలామందికి తెలీదు. ఎక్సెల్ షీట్ తెరిచి లెక్కేస్తే నాకు 1,30,000 వచ్చింది. ఎక్సెల్‌లో ఏదైనా వస్తుంది లెండి.

దీనికి ఆజ్యం పోసింది మా ఆఫీసులో ఒకాయన. ఆరేళ్ళు డాలస్‌లో ఉండి వచ్చాడు. "అక్కడ మా కిచెన్ నేనే పీకి నేనే వేసుకున్నా, మొత్తం యూట్యూబ్ చూసే. మన ఇంజనీర్లకి స్క్రూ డ్రైవర్ పట్టుకోవడం నామోషీ" అన్నాడు. నాకు రోషం వచ్చింది. సగం నిజం ఉన్న మాటకే ఎక్కువ రోషం వస్తుంది కదా.

అప్పుడు నాకు తట్టని విషయం ఒకటుంది. అమెరికాలో చాలా ఇళ్ళ గోడలు లోపల కర్రబద్దలు. సాధారణంగా 16 అంగుళాలకొక బద్ద, దాని మీద జిప్సమ్ షీటు. బద్ద ఎక్కడుందో కనిపెట్టే చిన్న మిషన్ ఉంటుంది, అది కూయగానే అక్కడ స్క్రూ దింపేయడమే. పైగా అక్కడ మనిషిని పిలిస్తే గంటకింత అని బిల్లు వాచిపోతుంది, అందుకని శని ఆదివారాలు గరాజ్‌లో రంపాలు మోగుతుంటాయి. మనవి ఇటుక గోడలో, సిమెంటు బ్లాకులో, పెద్ద టవర్లైతే ఏకంగా కాంక్రీటు. దాని మీద ప్లాస్టరింగు, ఆ లోపల నీళ్ళ పైపులు, కరెంటు పైపులు. ఏది ఎటు పోయిందో చెప్పే డ్రాయింగు మా బిల్డరైతే చేతికివ్వలేదు. గోడలు నిటారుగా ఉంటాయన్న నమ్మకం కూడా లేదు. దారానికి గుండు కట్టి వేలాడదీస్తే మా వంటగది ఉత్తరపు గోడ పైనుంచి కిందికొచ్చేసరికి ముప్పావంగుళం బయటికొచ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డబ్బా మాత్రం మిల్లీమీటరు తేడా లేకుండా ఉంటుంది. వంకర గోడకి తిన్నటి డబ్బా ఆనించడమే అసలు పనితనమంతా. అది యూట్యూబ్‌లో రెండు నిమిషాల్లో అయిపోతుంది.

సరే, ట్రయల్‌గా గోడకి తగిలించే డబ్బాలు రెండు కొన్నాను. ఏ కొట్లోనో చెప్పను, తప్పు వాళ్ళది కాదు. మొదటిది బిగించడానికి ఒక శనివారం మొత్తం పట్టింది. మాటల్లేకుండా బొమ్మలే ఉన్న పుస్తకం. వెనక పలక తిరగేసి పెట్టానని ఆఖరి స్క్రూ బిగించాక తెలిసింది. రెండోది గంటన్నరలో అయిపోయింది. ఆ గంటన్నర తర్వాత నా ఛాతీ కొలత పెరిగిన మాట నిజం. మరుసటి ఆదివారం డ్రిల్లింగ్ మిషన్ పెట్టి గోడకి మొదటి రంధ్రం వేశాను, రెండోది వేశాను, మూడోదాంట్లోంచి నీళ్ళొచ్చాయి.

కుళాయి పాయింటుకి సరిగ్గా నిట్టనిలువునా పైన కొట్టాను. పైపు పైనుంచి దిగేది అక్కడే అని ఏడో క్లాసు పిల్లాడైనా ఊహిస్తాడు. వాచ్‌మన్ పరిగెత్తి పైన వాల్వు కట్టేసేలోపు హాలు దాకా చెరువైంది. కింద ఫ్లాటాయన సీలింగు మీద ఇండియా మ్యాప్ లాంటి మరక. ప్లంబరు వచ్చి, టైలు పగలగొట్టి, పైపు ముక్క మార్చి, వెళ్తూ వెళ్తూ ఒక్క మాటన్నాడు: "కుళాయికి గానీ స్విచ్ బోర్డుకి గానీ సూటిగా పైనా కిందా ఎప్పుడూ తొలవొద్దు సార్." నాలుగేళ్ళ ఇంజనీరింగులో నాకెవరూ చెప్పని మాట. కొత్తగా ఇల్లు కట్టించుకునేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ప్లాస్టరింగుకి ముందే గోడలన్నిటికీ టేపు ఆనించి ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఇంతకీ ఆ రోజు నన్నెవరూ ఏమీ అన్లేదు. మా అమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని గుడ్డతో నీళ్ళు పిండుతూ కూర్చుంది. అదే ఎక్కువ బాధేసింది.

తర్వాత వారం కార్పెంటర్‌ని పిలిచాం. జనగామ వైపాయన, యాభై దాటి ఉంటాయి. నేను గర్వంగా నా ఎక్సెల్ షీటు ప్రింటవుటిచ్చాను. గోడలన్నీ మిల్లీమీటర్లలో కొలిచి రాశాను మరి. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టి, "గట్టు కాడ నిలబడి వండేది ఎవరు సార్?" అన్నాడు.

"మా అమ్మ."

"మరి అమ్మని పిలువున్రి."

అమ్మొచ్చింది. "అమ్మా, చెప్పులిడిసి జర ఇట్ల గోడ పక్కన నిలబడున్రి. చెయ్యి మడవున్రి" అని, మోచేతి దగ్గర్నుంచి నేలకి టేపు వదిలాడు. ముప్పై ఆరున్నర అంగుళాలు. దానికి ఐదంగుళాలు కిందికి గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. ముప్పై ఒకటిన్నర. నా షీట్లో గట్టు ఎత్తు 35 అని ఉంది. ఆ 35 ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, నేను ఎంచుకున్న డబ్బాల ఎత్తు, కాళ్ళు, పైన బండ మందం కలిపితే అంతొచ్చింది. త్రీడీ అబ్బాయి షీట్లో 34. అతనూ అడగలేదు, నేనూ అడగలేదు.

అమ్మ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. "పొయ్యి ఎత్తుగా ఉంటే సాయంత్రానికి భుజం లాగుద్దయ్యా" అని ఆయనతో చెప్పింది. నాతో ఎప్పుడూ చెప్పలేదు. కూకట్‌పల్లి అద్దింట్లో నాలుగేళ్ళు గట్టు ముందు ఒక పీట వేసుకుని, దాని మీద ఎక్కి కూర కలిపేది. ఆ పీట తట్టుకుని నేను రెండుసార్లు పడబోయాను. "ఇది దారిలో ఎందుకు పెడతావమ్మా" అని విసుక్కున్నాను కూడా. అదెందుకుందో నాకు తట్టలేదు.

అన్నట్టు, ఈ మాడ్యులర్ కిచెన్లన్నిటికీ ముత్తవ్వ లాంటిది 1926లో జర్మనీలో పుట్టింది, ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్ అంటారు. మార్గరెటె షూటె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసింది. 1.9 మీటర్లు ఇంటూ 3.4 మీటర్ల గదిలో ఎక్కడ నిలబడి ఏం చేస్తారు, ఎన్ని అడుగులు నడుస్తారు అని లెక్కలు కట్టి, కూర్చుని కూరగాయలు తరుక్కోవడానికి తిరిగే స్టూలు కూడా పెట్టింది. తమాషా ఏంటంటే అప్పటికి తనకసలు వంట చేసిన అనుభవమే లేదని ఆవిడే తర్వాత చెప్పుకుంది. వంట రాకపోవడం తప్పేం కాదన్నమాట. చేసేవాళ్ళని చూడకపోవడమే తప్పు. నాకు వంటా రాదు, చూడనూ లేదు.

అందుకని ఇప్పుడు ఎవరైనా "నువ్వే చేసుకోవచ్చా, ఎవరికైనా ఇవ్వాలా" అని అడిగితే నేను మొదట డబ్బు గురించి మాట్లాడను. తప్పు జరిగితే స్క్రూ డ్రైవర్‌తో వెనక్కి తీసుకోగలమా అని అడుగుతాను. డబ్బా బిగించడం, సొరుగులో అరలు, హ్యాండిల్స్, తలుపు సర్దడం, ఇవన్నీ హాయిగా చేసుకోండి. తప్పైతే ఇప్పి మళ్ళీ బిగిస్తారు, అంతే. గోడలోకి, నీళ్ళలోకి, కరెంటులోకి, గ్యాసులోకి పోయే ఏ పనీ అలాంటిది కాదు. గ్రానైటు బండకి సింకు కోసం కోసిన కోత కూడా అంతే, దానికి అన్‌డూ లేదు. గ్యాసు ట్యూబు సంగతే చూడండి. ఆరెంజ్ రంగు సురక్ష ట్యూబుని అయిదేళ్ళకోసారి మార్చమంటారు. అందం కోసం దాన్ని సొరుగుల వెనకాల కనబడకుండా పోనిచ్చిన వంటగదులు చూశాను. కనబడని ట్యూబుని మార్చాలని ఎవరికి గుర్తొస్తుంది?

అలాగని మనిషిని పెట్టి ఆఫీసుకెళ్ళిపోతే చాలదు. ప్లైవుడ్ నేనే వెళ్ళి కొన్నాను. సింకు కిందికి ఐఎస్ 710 ముద్ర ఉన్నది. ఫినాల్ బంకతో అతికించేది కాబట్టి నీళ్ళని తట్టుకుంటుంది. మిగతా చోట్లకి ఐఎస్ 303. ఇందులో మళ్ళీ తేమని మాత్రమే ఓర్చుకునేది ఒకటి, నీళ్ళు పడ్డా కాస్త నిలబడేది ఇంకొకటి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ముద్ర చదవాల్సిందే. మాడ్యులర్ కొటేషన్లో ఒక మూల చిన్నక్షరాల్లో పార్టికల్ బోర్డ్ అనుంది. పొడి గదిలో ఫరవాలేదు గానీ సింకు కింద ఒక్కసారి నీళ్ళు కారితే అది నానిన రస్కులా ఉబ్బుతుంది. పైగా త్రీడీ చూపించే మనిషి వేరు, బిగించడానికొచ్చే మనుషులు వేరు. మన కంపెనీల్లో క్లయింటుకి ప్రెజెంటేషన్ ఇచ్చేది ఎవరో, కోడ్ రాసేది ఎవరో తెలిసిన వాణ్ణి కాబట్టి నాకు ఆశ్చర్యమేం వెయ్యలేదు.

మా కార్పెంటర్ కూడా దేవుడేం కాదు. పన్నెండు రోజులన్న పని ఇరవై మూడు రోజులు పట్టింది. మధ్యలో ఒక పెళ్ళి, ఒక ఊరు, ఒక "రేపు పక్కా సార్". కానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి. మొదట్లో నేను కూలి దగ్గర చదరపడుక్కి నలభై రూపాయలు బేరమాడి తగ్గించాను. డాలస్ ఆయన ఇంకా తగ్గించొచ్చన్నాడు. మన దగ్గర పనివాళ్ళు చవక, మనకెందుకీ కష్టం అనే వాదన నేనూ చేశాను గానీ, మూతికి తువ్వాలు చుట్టుకుని ఆ సన్‌మైకా దుమ్ములో పగలంతా నిలబడ్డ మనిషిని చూశాక ఆ "చవక" అనే మాట గొంతులో అడ్డం పడింది. నేను ఇంటి నుంచి పని చేస్తూ, పక్క గదిలో ఏసీలో, క్లయింటుకి గంటల లెక్కన టైమ్‌షీట్ నింపుతున్నాను అప్పుడు. ఆఖరి రోజు ఆ నలభై లెక్కకట్టి ఇచ్చేశాను. ఆయన ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు.

లెక్క అడుగుతారేమో, మొత్తం 2,06,000 అయింది. కడప బండల మీద నల్ల గ్రానైటు గట్టు, కింద ప్లైవుడ్ అరలు, సొరుగులు. నా ఎక్సెల్‌లోని 1,30,000లో డ్రిల్లింగ్ మిషన్ లేదు, ప్లంబరు లేడు, కింద ఫ్లాటాయన సీలింగు పెయింటు లేదు, నా శని ఆదివారాలు అసలే లేవు.

నేను బిగించిన డబ్బాలు రెండూ మాత్రం గోడ మీదే ఉన్నాయి. కార్పెంటర్ తగిలించాడు, వంకర గోడ వెనక సన్న చెక్కలు దూర్చి. 2012లో నార్టన్, మోచన్, ఆరియెలీ అని ముగ్గురు ప్రొఫెసర్లు ఒక పేపర్ రాశారు, మనం చేత్తో బిగించిన వస్తువుకి మనం అసలు కంటే ఎక్కువ విలువ కడతామని. దానికి ఐకియా ఎఫెక్ట్ అనే పేరు పెట్టారు. పని పూర్తయితేనే ఆ ముచ్చట, మధ్యలో వదిలేస్తే లేదట. నా విషయంలో పూర్తి చేసింది వేరే మనిషైనా ముచ్చట నాకే మిగిలింది. చుట్టాలొస్తే వాటినే ముందు చూపిస్తాను.

తిరగేసిన వెనక పలక ఉన్న డబ్బాకి తలుపు మాత్రం ఇంకా కిందికి వాలుతోంది. నేను రెండుసార్లు సర్దాను, రెండుసార్లూ ఇంకాస్త వాలింది. ఆదివారం వచ్చి చూస్తానని కార్పెంటర్ ఫోన్లో చెప్పాడు. ఏ ఆదివారమో చెప్పలేదు.