రక్తమా, ఖజానానా?

"డెల్టావాడికి మిలట్రీ ఎందుకండీ? మనది మాగాణి రక్తం, యుద్ధాలు పంజాబీలవీ గూర్ఖాలవీ." తెనాలి, రేపల్లె, బాపట్లల్లో ఈ మాట చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువగా వినిపిస్తుంది. తాతలనాటి జ్ఞానంలా చెబుతారు గానీ ఇది దొరగారి సరుకు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా, ఆపైన 1893 దాకా మొత్తం ఇండియాకు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్, కొన్ని జాతులే యుద్ధానికి పుట్టాయని గట్టిగా నమ్మాడు. దక్షిణాది పటాలాలు సన్నబడుతూ వచ్చాయి.

అంతకుముందో? 1759లో మచిలీపట్నం కోట ఎక్కిన కంపెనీ సైన్యంలో సిపాయిలున్నారు. ఉత్తర సర్కారుల పేరుతోనే బెటాలియన్లు నడిచాయి. 1857 నాటికి మద్రాసు పదాతి పటాలాలు 52. మొదటి ప్రపంచయుద్ధం వచ్చాక మనవాళ్లు మళ్లీ కావలసివచ్చారు. టైగ్రిస్ ఒడ్డు కందకాల యుద్ధంలో మద్రాసు సాపర్లు, అంటే సైనిక ఇంజనీరింగ్ దళం వాళ్లు, ఉన్నారు. 1922లో మిగిలిన పటాలాలను మూడో మద్రాసు రెజిమెంటుగా కలిపి, పొదుపు పేరిట 1928కల్లా ఎత్తేశారు. రెండో యుద్ధం ముదరగానే మళ్లీ నిలబెట్టారు. మరి మన రక్తం 1928లో చల్లారి, పదమూడు పధ్నాలుగేళ్లకే మరిగిందా? మారింది ఖజానా లెక్క.

టాంగా సంగతేమిటంటారు. నిజమే, 1914 నవంబరు 4న తూర్పు ఆఫ్రికాలోని ఆ ఊరి దగ్గర మద్రాసు సైన్యపు 63వ పాలంకోట పటాలం చెదిరిపోయింది. వారాల తరబడి ఓడల్లో మగ్గి దిగినవాళ్లు. కానీ ముందురోజు తెల్లవారుజామున అదే ఊరి ముందు దెబ్బతిని వెనక్కి తగ్గినవాళ్లలో 13వ రాజపుత్ర పటాలమూ ఉంది. దాన్ని మాత్రం ఎవరూ రాజపుత్రుల రక్తానికి అంటగట్టరు!

చంపడం గొప్ప విద్య అని నేననను. కందకంలో చచ్చినవాడికి జాతి గౌరవం అక్కరకు రాదు. ఎక్కువమంది జీతం కోసమే వెళ్లారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి 'మిలట్రీ మాధవరం' అన్న పేరు వచ్చిందంటే, ఇంటింటి నుంచీ మనుషులు వెళ్లబట్టే. అదీ గోదావరి జిల్లా ఊరే మరి.

నా అనుమానం ఇంకొకటి. మద్రాసు సైన్యంలో చేరినవాళ్లలో దళితులు, క్రైస్తవులు, ముస్లింలు తక్కువేం కాదు. "మనవాళ్లు మిలట్రీకి పోలేదు" అనే పెద్దమనిషి, ఆ "మనవాళ్ల"లో వాడకు అవతలివైపు ఇళ్లను ఎప్పుడైనా లెక్కవేశాడా?