హారన్ కొట్టని ఊళ్ళో ఒకరోజు

సినిమా చూపించే ఊరు వేరు, మన కాళ్ళకి తగిలే ఊరు వేరు. ఈ సంగతి మా బనగానపల్లె వాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2009లో ‘అరుంధతి’ వచ్చిందో లేదో, యాగంటి దారిలోని నవాబు బంగళా కాస్తా ‘అరుంధతి కోట’ అయి కూర్చుంది! బనగానపల్లె 1948 దాకా ఒక సంస్థానమని, అక్కడ నవాబులు ఏలారని చూడ్డానికొచ్చే వాళ్ళలో ఎందరికి తెలుసు? సరే, ఆ గోల ఇప్పుడెందుకంటారా... వస్తున్నా.

మొన్నామధ్య మేం నలుగురం నేపాల్ వెళ్ళాం. ఖాట్మండులో మోటారుసైకిళ్ళు అద్దెకు తీసుకుని, పోఖరా మీదుగా ముక్తినాథ్ దాకా పోవాలని మా ప్లాను. నేను కాక నాపరాయి పాలిష్ మిల్లు నడిపే మామ, ఆళ్ళగడ్డ ఎరువుల కొట్టు బావ, నంద్యాల నుంచి ఒక మెకానిక్. దిగీ దిగగానే మెకానిక్ మొదలుపెట్టాడు. “రేపు తెల్లారుజామునే పోదాం పా. ఊళ్ళో ఏముందప్పా సూసేదానికి?” ఒక రోజంతా ఊరు చూస్తేగానీ బండెక్కేది లేదని నేను భీష్మించాను.

మనకి అక్కడ వీసా అక్కర్లేదు. మన 100 రూపాయలు వాళ్ళకి 160. గడియారం మనకంటే పావుగంట ముందు. బళ్ళు మనలాగే ఎడమవైపునే పోతాయి. మరి విదేశమని ఎక్కడ తెలిసిందంటే - చెవులకి తెలిసింది! అంత రద్దీలో హారన్ల మోత లేదు. 2017 ఏప్రిల్‌లో, వాళ్ళ కొత్త సంవత్సరం నాటి నుంచి, ఊళ్ళో అనవసరంగా హారన్ కొట్టడం నిషేధించారు. మా మెకానిక్ బొటనవేలికి పనిలేక పాపం విలవిల్లాడిపోయాడు.

ఆరు వీధులు కలిసే అసన్ బజారులో ఇత్తడి బిందెల మధ్య, పప్పుల బస్తాల మధ్య ఒరుసుకుంటూ నడిచాం. అక్కడా ఒక అన్నపూర్ణమ్మ గుడి వుంది. బావ చెప్పులు వదిలి దణ్ణం పెట్టుకొచ్చాడు. అక్కణ్ణుంచి బసంతపూర్ పక్కనున్న ఫ్రీక్ స్ట్రీట్. దేవానంద్ 1971లో ‘హరే రామ హరే కృష్ణ’ తీసింది ఈ ఊళ్ళోని హిప్పీల మీదే కదా! 1973లో నేపాల్ ప్రభుత్వం గంజాయిని నిషేధించింది, హిప్పీలు చెల్లాచెదురయ్యారు. ఇప్పుడా వీధిలో నాలుగు టీకొట్లు, శాలువాల దుకాణాలు. జీనత్ అమన్ కోసం వెతికిన మామ ఒక మఫ్లరు కొనుక్కుని సర్దుకున్నాడు.

నాలుగడుగులు వేస్తే కాష్ఠమండపం. ఊరికి ఆ పేరు వచ్చింది దీనివల్లే. ఒక్క చెట్టు కొయ్యతో కట్టారని అక్కడ చెప్పుకుంటారు. మన నాగ్ అశ్విన్ నేపాల్ కొండల్లో తీసిన ‘ఎవడే సుబ్రమణ్యం’ 2015 మార్చి 21న విడుదలైంది. నెలా నాలుగు రోజులకి, ఏప్రిల్ 25న భూకంపం వచ్చింది. దేశంలో దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. ఆ శనివారం ఈ మండపంలో రక్తదాన శిబిరం నడుస్తోంది. రక్తమివ్వడానికి వచ్చినవాళ్ళ మీదే అది కూలింది.

తర్వాత పురావస్తు నిపుణులు తవ్వి చూశారు. పన్నెండో శతాబ్దపు కట్టడం అనుకున్నదాని పునాదులు ఏడో శతాబ్దం దాకా వెళ్ళాయి. ఇంకో విడ్డూరం! నాలుగు ప్రధాన స్తంభాల్లో ఒకటి దాని పీఠపు రాతి మీద కూర్చోనేలేదు. ఎప్పటి మరమ్మత్తులోనో నేల పరిచినప్పుడు ఆ రాయి కిందే వుండిపోయింది. టెండరు పిలిచి కట్టించేస్తామంటే ఊరి జనం ఒప్పుకోలేదు. పాత పద్ధతిలో, కొయ్యతోనే కట్టాలని పట్టుబట్టి సాధించుకున్నారు. ఇప్పుడది మళ్ళీ నిలబడి వుంది. మా బంగళాకి అట్లా అడ్డం పడేవాళ్ళు ఊళ్ళో ఎందరుంటారా అని నేను వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాను. ఒక చెయ్యి చాలింది.

మెకానిక్ మాత్రం ఆ స్తంభం దగ్గరే ఆగిపోయాడు. “మూడు బోల్టులు బిగించి నాలుగోది వదిలేసినట్టు గదప్పా!” అన్నాడు. ఆ సాయంత్రం థమేల్‌లో అద్దె బళ్ళు తీసుకోబోతే నాలుగిటినీ సెంటర్ స్టాండు వేయించి, నేలమీద పడుకుని మరీ చూశాడు. మూడు బళ్ళు బాగున్నాయి. నాలుగోదాని వెనక చక్రం చేత్తో పట్టి ఊపితే పక్కకి ఊగుతోంది. “ఏం కాదు, నిన్ననే పోఖరా పోయొచ్చింది” అంటాడు దుకాణం కుర్రాడు. “నువ్వు ఎక్కు, మేం నీ ఎనకాల వస్తాం” అన్నాడు మావాడు. కుర్రాడు ఎక్కలేదు. గంటసేపు బేరమాడాక బండి మార్చి ఇచ్చాడు.

అన్నట్టు ఆ నాలుగో బండి బావకని రాసిపెట్టింది. పోయిన మాఘంలో కూతురు పుట్టిందతనికి. రాత్రి హోటల్లో ఒక్క ముద్ద కూడా సరిగ్గా తినలేదు. ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాడు గానీ బండి సంగతి మాత్రం ఎత్తలేదు.

తెల్లారి ఆరింటికి బయలుదేరాం. కాళీగండకీ లోయలో మధ్యాహ్నమయ్యేసరికి మనిషిని నెట్టేసే గాలి లేస్తుంది. ఆ కథ వచ్చే వారం.